తెల్లవారుజాము కల

తెల్లవారుజామున వచ్చిన కల నిజమౌతుందన్న మాట వినని తెలుగువారు అరుదు. పరీక్ష రేపనగా, హాలులోకి ఆలస్యంగా వెళ్లినట్లో, ప్రశ్నపత్రంలో ఒక్క అక్షరమూ అర్థం కానట్లో కల వచ్చి, గుండె దడదడలాడుతూ మేల్కొన్న విద్యార్థికి ఈ మాట గుర్తుకు వస్తే ఉన్న ధైర్యం సగమైపోతుంది. వేకువన వచ్చిన పీడకలను తలచుకొని తల్లి, ఊరికి బయలుదేరిన కుమారుణ్ణి ఆపివేస్తుంది. ఎప్పుడో గతించిన తాతగారు కలలో కనిపించి ఏదో అడిగారని ఇంటిల్లిపాదీ కలతపడతారు. కల క్షణికమైనదే. కాని అది కలిగించే భయమూ ఆశా, దానిని నమ్మి మనం తీసుకొనే నిర్ణయమూ మెలకువ లోకానికి చెందినవి. అందువల్ల కలలు ఎక్కడినుంచి వస్తాయి, వాటికి అర్థం ఉన్నదా అనే ప్రశ్నలు కేవలం కుతూహలం తీర్చుకోవడానికి వేసుకొనేవి కావు.

కలను గురించిన విచారణ మన దేశంలో అతి ప్రాచీనమైనది. మాండూక్యోపనిషత్తు జాగ్రత్తు, స్వప్నం, సుషుప్తి అని మూడు అవస్థలను పేర్కొని, వాటికి అతీతమైన నాలుగవ దానిని తురీయమన్నది. జాగ్రదవస్థలో మనస్సు వెలుపలి విషయాలను గ్రహిస్తుంది. స్వప్నావస్థలో తన లోపలి విషయాలనే అనుభవిస్తుంది. సుషుప్తిలో కలలు కూడా ఉండవు. కలలో కనిపించే రథాలనూ బాటలనూ కల కనేవాడే సృష్టించుకొంటాడని బృహదారణ్యకోపనిషత్తు భావించింది. అంటే, కలకు మూలం మనిషి లోపలే ఉన్నదన్న ఆలోచన మనకు కొత్త కాదు. మరోవైపు కలను శకునంగా భావించే సంప్రదాయమూ అంతే బలంగా సాగింది. సుందరకాండలో త్రిజట తనకు వచ్చిన స్వప్నాన్ని వివరించి, రాక్షసుల వినాశాన్నీ రాముని విజయాన్నీ ముందుగా సూచిస్తుంది. గ్రీకు దేశీయుడైన ఆర్టెమిడోరస్ క్రీ.శ. రెండవ శతాబ్దిలో కలల ఫలితాలను వివరిస్తూ ఐదు భాగాల గ్రంథమే రచించాడు.

ఈ రెండు దృష్టులూ కలిసి కనిపించే చోటు చరక సంహిత. ఈ ఆయుర్వేద గ్రంథంలోని ఇంద్రియస్థానం కలలను ఏడు రకాలుగా విభజించింది. చూసినదానివల్ల వచ్చేది, విన్నదానివల్ల వచ్చేది, అనుభవించినదానివల్ల వచ్చేది, కోరుకొన్నదానివల్ల వచ్చేది, ఊహించుకొన్నదానివల్ల వచ్చేది, జరగబోయేదానిని సూచించేది, శరీరంలోని దోషాలవల్ల వచ్చేది అన్నవి ఆ ఏడు. వీటిలో మొదటి ఐదింటికీ ఫలం లేదని ఆ గ్రంథం స్పష్టం చేసింది. పగటికలలకూ, మరీ చిన్నవీ మరీ పెద్దవీ అయిన కలలకూ కూడా ఫలం లేదన్నది. తొలిజాములో వచ్చిన కలకు ఫలం స్వల్పమనీ, కల వచ్చిన తరువాత మళ్లీ నిద్రపోకపోతే ఫలం అధికమనీ చెప్పింది. తెల్లవారుజాము కలను గురించి నేటికీ మనవారిలో ఉన్న నమ్మకానికి ఈ భావన ఎంతో దగ్గరగా ఉన్నది. ఆ నమ్మకంలోని సత్యమెంత అన్నది తేలాలంటే ముందుగా నిద్రను పరిశీలించాలి.

ఇరవయ్యవ శతాబ్ది మధ్యకాలం వరకు నిద్ర అంటే మెదడు విశ్రమించే స్థితి అనే అధిక సంఖ్యాకులైన శాస్త్రజ్ఞులు భావించేవారు. ఆ భావనను మార్చినది అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక పరిశీలన. అక్కడ పరిశోధక విద్యార్థిగా ఉన్న యూజీన్ ఎసెరిన్‌స్కీ, మూలపడి ఉన్న ఒక పాత యంత్రాన్ని బాగుచేసుకొని, ఎనిమిదేళ్ల తన కుమారుని తలకూ కళ్ల దగ్గరా తీగలు అమర్చి, రాత్రంతా అతని నిద్రను నమోదు చేశాడు. పిల్లవాడు గాఢంగా నిద్రిస్తున్నాడు. అయినా యంత్రం మీది గీతలు మాత్రం అతడు మేలుకొని అటూ ఇటూ చూస్తున్నట్లుగా ఎగిసిపడసాగాయి. మొదట యంత్రం చెడిపోయిందేమోనని ఆయన అనుమానించాడు. పలుమార్లు పరీక్షించిన తరువాత, మూసిన రెప్పల కింద కనుగుడ్లు నిజంగానే వేగంగా కదులుతున్నాయని తేలింది. ఆయనా, ఆయన గురువు నథానియల్ క్లైట్‌మనూ కలిసి 1953లో ఈ విషయాన్ని ప్రకటించారు. కనుగుడ్లు వేగంగా కదిలే ఈ దశకే 'రెమ్ నిద్ర' అని పేరు. ఆ దశలో లేపినవారిలో దాదాపు ఎనభై శాతం సందర్భాలలో కల వచ్చిందనే సమాధానం లభించినట్లు 1957లో విలియం డెమెంట్, క్లైట్‌మన్ వెల్లడించారు. మిగిలిన దశలలోనూ కలలు రావచ్చునని తరువాతి పరిశోధనలు చెప్పాయి. అయితే కథలాగా సాగే, రంగులూ భావోద్వేగాలూ నిండిన కలలకు ప్రధాన స్థానం రెమ్ నిద్రే.

మనం రాత్రంతా ఒకే తీరుగా నిద్రపోము. తేలిక నిద్ర, గాఢనిద్ర, రెమ్ నిద్ర ఒక వలయంగా సాగుతాయి. ఒక్కొక్క వలయం సుమారు తొంభై నిమిషాలు. రాత్రికి ఇటువంటివి నాలుగైదు జరుగుతాయి. తొలి వలయాలలో గాఢనిద్ర ఎక్కువ, రెమ్ నిద్ర కొద్ది నిమిషాలే. రాత్రి గడిచేకొద్దీ గాఢనిద్ర తరిగి, రెమ్ నిద్ర పెరుగుతుంది. తెల్లవారబోయేసరికి అది ఒక్కొక్కప్పుడు అరగంటకు పైగా కొనసాగుతుంది. పెద్దవారి నిద్రలో ఇరవై నుంచి ఇరవైఐదు శాతం ఈ నిద్రే. పసిపాపలకైతే దాదాపు సగం నిద్ర ఇటువంటిదే.

తెల్లవారుజాము కల రహస్యం ఇక్కడే ఉన్నది. ఆ వేళకు వచ్చే కలలు సుదీర్ఘమైనవి, స్పష్టమైనవి. పైగా వాటి మధ్యలోనే, లేదా వాటి వెంటనే మనం మేల్కొంటాము. కల వచ్చిన వెంటనే మేల్కొన్నవానికే అది జ్ఞాపకముంటుంది. మేల్కొనకుండా మళ్లీ గాఢనిద్రలోకి జారినవానికి ఆ కల నీటిమీది రాతలాగా చెదరిపోతుంది. అందుచేత తొలిజాము కలలు మరుపున పడిపోయి, వేకువ కలలు మాత్రమే మన చేతికి దక్కుతున్నాయి. ఆ కలకు విశేషమైన బలమున్నదని మన పెద్దలు గమనించడంలో పొరపాటు లేదు. ఆ బలం మన జ్ఞాపకంలో ఉన్నదే కాని, భవిష్యత్తుతో దానికి సంబంధం లేదు.

రెమ్ నిద్రలో మరొక వింత జరుగుతుంది. మెదడు ఇంచుమించు మేలుకొన్నంత చురుకుగా పనిచేస్తుండగా, శరీరంలోని కండరాలు మాత్రం పూర్తిగా సడలి కదలకుండా ఉంటాయి. కళ్లూ, ఊపిరి తీయించే కండరాలూ మాత్రమే ఇందుకు మినహాయింపు. కలలో పరుగెత్తినా మంచం మీదినుంచి పడిపోకుండా ఉండడానికి ప్రకృతి చేసిన ఏర్పాటిది. అప్పుడప్పుడు మెలకువ వచ్చినా ఈ బంధం కొన్ని క్షణాలపాటు విడివడదు. కళ్లు తెరిచి ఉంటాయి, కాలుసేతులు కదలవు, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్లు బరువు తోస్తుంది, గదిలో ఏదో నీడ కనిపిస్తుంది. దయ్యం గుండెలమీద ఎక్కి కూర్చున్నదని మన పల్లెలలో చెప్పుకొనేది ఈ అనుభవాన్నే. ఇది ప్రమాదకరం కాదు. నిద్ర చాలనివారికీ, వేళతప్పి నిద్రించేవారికీ ఎక్కువగా కలుగుతుంది. ఒకటి రెండు నిమిషాలలో దానంతట అదే తొలగిపోతుంది.

ఇక కలలోని సామగ్రి ఎక్కడిది? కొంత వెలుపలినుంచి వస్తుంది. పందొమ్మిదవ శతాబ్దికి చెందిన ఫ్రెంచి పండితుడు ఆల్ఫ్రెడ్ మోరీ తన కలను ఒకదానిని వర్ణించాడు. ఫ్రెంచి విప్లవకాలంలో తనను విచారించి, మరణశిక్ష విధించి, గిలొటిన్ కింద తల నరికినట్లు ఆయనకు కల వచ్చింది. ఉలిక్కిపడి లేచి చూస్తే, మంచానికి ఉన్న కమ్మీ ఒకటి ఊడి మెడమీద పడి ఉన్నది. నిద్రిస్తున్న మనస్సు బయటి తాకిడిని కలలోని కథగా మలచుకొన్నది. గడియారం మోత కలలో బడిగంటగా వినిపించడం, దప్పికగొన్నవాడు కలలో నీళ్లకోసం వెతకడం మనందరికీ అనుభవమే.

అయితే అత్యధికభాగం మన జ్ఞాపకాలనుంచే వస్తుంది. 2000 సంవత్సరంలో హార్వర్డ్ పరిశోధకులు ప్రచురించిన ఒక ప్రయోగం ఇందుకు చక్కని నిదర్శనం. కొందరిచేత 'టెట్రిస్' అనే కంప్యూటర్ ఆటను మూడు రోజులపాటు ఆడించారు. వారిలో అనేకులు నిద్రలోకి జారుతున్న వేళ పైనుంచి పడుతున్న ఆ ముక్కలను చూశారు. కొత్త విషయాలను జ్ఞాపకముంచుకోలేని రోగులు కూడా వారిలో ఉన్నారు. ఆ ఆటను ఆడినట్లే గుర్తులేని ఆ రోగులలో కొందరు సైతం అవే దృశ్యాలను చూశారు. ఎలుకలపై జరిగిన పరిశోధనలు మరొక విషయాన్ని తెలిపాయి. పగలు దారులు వెతికేటప్పుడు జ్ఞాపకానికి సంబంధించిన మెదడు భాగంలో ఏ నాడీకణాలు కలిసి స్పందించాయో, తరువాతి నిద్రలోనూ అవే కణాలు మళ్లీ కలిసి స్పందించాయని 1994లో వెల్లడైంది. పగలు నేర్చినదానిని మెదడు నిద్రలో నెమరువేసుకొంటున్నదన్నమాట. పుట్టుకతోనే చూపు లేనివారి కలలలో సాధారణంగా దృశ్యాలు ఉండవు. ధ్వనులూ, స్పర్శలూ, వాసనలూ ఉంటాయి. ఎదిగిన తరువాత చూపు కోల్పోయినవారు మాత్రం కలలో చూడగలుగుతారు. మనలో లేనిది మన కలలోకి రాదనడానికి ఇంతకంటె సాక్ష్యం వేరొకటి కావాలా?

మరి ఆ సామగ్రి అంత చిత్రవిచిత్రంగా ఎందుకు కలగాపులగమౌతుంది? రెమ్ నిద్రలో భయాది ఉద్వేగాలకు సంబంధించిన అమిగ్డలా అనే భాగం మిక్కిలి చురుకుగా ఉంటుంది. నుదుటి వెనుక ఉన్న, తర్కానికీ విచక్షణకూ తోడ్పడే భాగాలు మాత్రం మందగిస్తాయి. అందుకే కలలో చిన్ననాటి మిత్రుడు కళాశాల అధ్యాపకుడుగా మారినా, మన ఇంటి వాకిలి సముద్రతీరంలోకి తెరుచుకొన్నా మనకు సందేహం కలగదు. భయం మాత్రం నిజమైన భయమే. ఆలోచించి తూచేవాడు నిద్రిస్తుండగా, భయపడేవాడు ఒక్కడే మేలుకొని ఉన్న ఇల్లు వంటిది కల.

కలకు అర్థమున్నదా అన్న ప్రశ్నకు ఆధునిక కాలంలో తొలి సమగ్ర సమాధానం చెప్పడానికి ప్రయత్నించినవాడు వియన్నా నగరానికి చెందిన వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్. 1900 సంవత్సరం ముద్రతో వెలువడిన ఆయన గ్రంథం, కలను అణచివేయబడిన కోరికల మారువేషంగా నిరూపించడానికి పూనుకొన్నది. పైకి కనిపించే కథ వేరనీ, దాని వెనుక దాగిన భావం వేరనీ ఆయన వాదించాడు. ఆయన సహచరుడై తరువాత విడిపోయిన కార్ల్ యూంగ్, కల దాచడానికి కాక తెలపడానికే వస్తుందనీ, మెలకువలో మనం నిర్లక్ష్యం చేసిన పార్శ్వాన్ని ముందుకు తెస్తుందనీ భావించాడు. వీరి వాదాలు సాహిత్యాన్నీ కళలనూ ఎంతో ప్రభావితం చేశాయి. కాని ఒకే కలకు ఇద్దరు వ్యాఖ్యాతలు రెండు అర్థాలు చెబితే, ఏది సరియైనదో తేల్చే మార్గం వారి పద్ధతిలో లేదన్నది ప్రధానమైన విమర్శ.

1977లో హార్వర్డ్‌కు చెందిన అలన్ హాబ్సన్, రాబర్ట్ మెకార్లీ ఇందుకు పూర్తిగా భిన్నమైన సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. మెదడు అడుగుభాగంనుంచి వెలువడే సంకేతాలను పైభాగం ఎలాగో ఒకలాగు కథగా అల్లుతుందనీ, ఆ అల్లికే కల అనీ వారన్నారు. అడుగుభాగం చెక్కుచెదరకున్నా, పైభాగాలలో గాయమైన కొందరు రోగులకు కలలు రావడం నిలిచిపోయిందని 1997లో మార్క్ సోమ్స్ చూపడంతో ఆ వాదానికి సవరణ అవసరమైంది. కలలు ఎందుకోసం అన్న ప్రశ్నకు అందరూ అంగీకరించిన సమాధానం నేటికీ లేదు.

సిద్ధాంతాల సంగతి అలా ఉండగా, కాల్విన్ హాల్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త సులభమైన దారి ఎన్నుకొన్నాడు. ఆయన వేలకొలది కలలను సేకరించి, వాటిలో ఎవరు కనిపించారు, ఏమి జరిగింది, ఏ భావం కలిగింది అని లెక్కించాడు. 1966లో ఆయన రాబర్ట్ వాన్ డి కాసిల్‌తో కలిసి ప్రకటించిన గ్రంథానికి కళాశాల విద్యార్థుల కలలు వెయ్యి ఆధారం. వాటిలో అదృష్టం కంటె దురదృష్టం, ఆనందం కంటె భయాందోళనలు ఎక్కువగా కనిపించాయి. కనుక పీడకల ఒక్కరికే వచ్చే అపశకునం కాదు. అది కలల సహజ లక్షణాలలో ఒకటి. అంతేకాక మెలకువలో మనం ఎవరిని గురించి, దేనిని గురించి తపిస్తామో కలలోనూ వారే, అదే కనిపిస్తారని ఇటువంటి పరిశీలనలు తెలిపాయి. పరీక్ష తప్పినట్లు కల వచ్చిందంటే పరీక్ష తప్పుతామని అర్థం కాదు. ఆ పరీక్షను మనం ఎంతగా పట్టించుకొన్నామో అది చెబుతున్నది. గతించిన తాతగారు కనిపించారంటే ఆయనపై మన ప్రేమ ఇంకా గతించలేదని అర్థం.

అయినా కొన్ని కలలు నిజమయ్యాయి కదా అని అడగవచ్చు. ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక మనిషికి రాత్రికి నాలుగు కలలు అనుకొన్నా సంవత్సరానికి 1,460 అవుతాయి. మన దేశ జనాభా 140 కోట్లకు పైమాటే. ఇన్ని కోట్లమందికి ఇన్ని కలలు వస్తుండగా, వాటిలో కొన్ని మరునాటి సంఘటనలతో కాకతాళీయంగా కలియకపోతేనే ఆశ్చర్యపడాలి. కలిసినదానిని పదిమందికీ చెప్పుకొంటాము. కలియనివి వేలకొలది ఉన్నా వాటిని ఎవరూ లెక్కపెట్టరు. జరగబోయేవాటిని తెలిపినట్లు తోచే కలలలో అధికభాగం కాకతాళీయాలేనని గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ రెండు వేల మూడువందల ఏళ్లకు పూర్వమే అన్నాడు.

కలనుంచి సత్యం లభించిన సందర్భాలు లేకపోలేదు. ఆస్ట్రియాలోని గ్రాట్జ్ నగరంలో పనిచేసిన శాస్త్రజ్ఞుడు ఆటో లోవీ ఒక రాత్రి ఏదో స్ఫురించి లేచి, చీటీమీద రాసుకొని పడుకొన్నాడు. తెల్లవారి చూస్తే తన రాత తనకే అర్థం కాలేదు. మరునాటి రాత్రి మూడు గంటలకు ఆ ఆలోచన తిరిగి వచ్చింది. ఈసారి ఆయన ఆలస్యం చేయక నేరుగా ప్రయోగశాలకు వెళ్లాడు. ఒక కప్ప గుండెను దాని నాడి ద్వారా నెమ్మదింపజేసి, ఆ గుండెలోని ద్రవాన్ని మరొక గుండెకు అందించగా అదీ నెమ్మదించింది. నాడులు రసాయనాల ద్వారా సందేశాన్ని అందిస్తాయని ఆ విధంగా రుజువైంది. 1921లో ప్రకటించిన ఈ పరిశోధనకు 1936లో నోబెల్ బహుమతి లభించింది. కాని ఆ ఊహ ఆయన మనస్సులో మెదలి అప్పటికి సుమారు పదిహేడు ఏళ్లు గడిచాయి. కల ఆయనకు లేనిదానిని ఇవ్వలేదు. ఉన్నవాటిని కొత్తగా జతపరచింది. ఆ తరువాత అది నిజమా కాదా అని ఆయన ప్రయోగంతోనే తేల్చుకొన్నాడు.

చరకుడు చెప్పిన దోషజ స్వప్నం వంటిది కూడా ఒకటి ఉన్నది. రెమ్ నిద్రలో కండరాలను కట్టివేసే ఏర్పాటు కొందరిలో, ముఖ్యంగా వయసు మళ్లినవారిలో, సడలిపోతుంది. అటువంటివారు కలలో పోట్లాడుతూ నిజంగానే కేకలు వేస్తారు, తన్నుతారు, మంచం మీదినుంచి పడిపోతారు. 1986లో వైద్యులు దీనిని ప్రత్యేక వ్యాధిగా గుర్తించారు. ఇది ఉన్నవారిలో చాలామందికి కొన్నేళ్ల తరువాత పార్కిన్సన్ వంటి నాడీవ్యాధులు వస్తున్నాయి. తాతగారు నిద్రలో ఇలా ప్రవర్తిస్తుంటే దిష్టి తీసి ఊరుకోవడం సరికాదు, నాడీవ్యాధుల నిపుణునికి చూపాలి. ఒక దుర్ఘటన తరువాత అదే పీడకల పదే పదే వచ్చి నిద్రను హరిస్తున్నా వైద్యుని సాయం పొందాలి. ఆ కలకు వేరొక ముగింపు పగటిపూట ఊహించుకొని, దానినే రోజూ మననం చేయించే చికిత్స ఎందరికో మేలు చేసింది.

విద్యార్థులు గమనించవలసిన విషయం మరొకటి ఉన్నది. పరీక్షల రోజులలో రాత్రి పన్నెండు దాటేవరకు చదివి, నాలుగు గంటలకే లేచేవారు కోల్పోయేది ప్రధానంగా వేకువజాము నిద్రనే. రెమ్ నిద్ర అధికంగా ఉండేది ఆ వేళలోనే. పగలు చదివినదానిని స్థిరపరచుకోవడానికి మెదడుకు గాఢనిద్రా, రెమ్ నిద్రా రెండూ తోడ్పడతాయి. వాటిని తగ్గించుకొని చదవడం, వండిన అన్నాన్ని వార్చకముందే వడ్డించడం వంటిది.

తెలుగులో కల 'వచ్చింది' అంటాము, కల 'కన్నాను' అని కూడా అంటాము. వచ్చిందన్నప్పుడు అది ఎక్కడినుంచో మనపైకి దిగివచ్చినట్లు తోస్తుంది. కనడమంటే చూడడమనీ, జన్మనివ్వడమనీ రెండు అర్థాలు. కల విషయంలో ఆ రెండూ సత్యమే. కలను చూసేవాడే దానికి జన్మనిచ్చినవాడు. తెల్లవారుజామున భయపడి లేచిన విద్యార్థి ఈ సంగతి గ్రహిస్తే, తన భవితవ్యాన్ని ఎవరో ముందుగా రాసి చూపారని కుంగిపోడు. తనలోని భయం తనకే కనిపించిందని తెలుసుకొని, ముఖం కడుక్కొని, పుస్తకం తెరుస్తాడు.